చర్చిలో కాల్పులు అనగానే అందరం ముందు "ఎవడు చేశాడు" అనే ఎందుకు అడుగుతాం?

గుంటూరు_గోంగూర (ప్రశ్న)

అందరికీ నమస్తే. సౌత్ కరోలినా కొలంబియాలో ఉంటాను, వచ్చి ఆరేళ్ళయింది. దయచేసి రాజకీయం చేయకుండా చదవండి, చేస్తారని తెలుసు అయినా అడుగుతున్నా.

2025 సెప్టెంబర్ 28 గుర్తుందా, మిషిగన్‌లో గ్రాండ్ బ్లాంక్ అనే ఊళ్ళో ఒకడు పికప్ ట్రక్కుతో మోర్మన్లనే వేరే క్రైస్తవ శాఖ వాళ్ళ చర్చిని గుద్ది, కాల్పులు జరిపి, బిల్డింగ్‌కి నిప్పు పెట్టాడు. ఇక్కడ ఆదివారం పొద్దున పదిన్నర, ఇండియాలో రాత్రి ఎనిమిది. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో 43 మందిమి. మంటలు ఇంకా ఆరలేదు, ఎంతమంది పోయారో ఎవరికీ తెలీదు, కానీ మావాళ్ళు తీర్పు ఇచ్చేశారు. మా పెదనాన్న "ఇంకెవరు, వాళ్ళే" అన్నారు. వాళ్ళంటే ఎవరో మీకు చెప్పక్కర్లేదు. మా బావ "తెల్లోడైతే చూస్తూ ఉండండి, మతి స్థిమితం లేదని చెప్తారు" అన్నాడు. మా మేనత్త చర్చికి వెళ్తుంది, ఆవిడ "అమెరికాలో కూడా క్రైస్తవుల మీద హింస మొదలైంది, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి" అని పెట్టింది. పిన్ని కొడుకేమో ఇదంతా గన్ కంపెనీల నాటకం అన్నాడు. మా అమ్మ ఒక్కతే, నేను "చర్చిలో షూటింగ్" అని పెట్టింది చూసి ఏ సినిమా రా అని అడిగింది.

తర్వాత తేలింది ఏంటంటే నలుగురు చనిపోయారు, చేసినవాడు ఇరాక్ వెళ్ళొచ్చిన మాజీ మెరైన్, వయసు 40, వాడికి మోర్మన్లంటే పీకలదాకా ద్వేషం. మా 43 మందిలో ఒక్కరు కూడా ఇది ఊహించలేదు. పోనీ తెలిశాకయినా "అరే నేను తప్పు అనుకున్నా" అని ఒక్క మెసేజ్ కూడా లేదు, అప్పటికే గ్రూపులో ఎవరిదో గృహప్రవేశం ఫోటోలు నడుస్తున్నాయి.

పోయిన నెల అమ్మానాన్న వచ్చారు, చార్లెస్టన్ తీసుకెళ్ళా. కాల్హూన్ స్ట్రీట్‌లో నల్లవాళ్ళ ఎమాన్యుయేల్ చర్చి ముందు నిలబడ్డాం, తెల్లటి బిల్డింగ్, పైన పొడుగు శిఖరం. నాన్న అడిగారు "ఇక్కడేనా ఆ పిచ్చోడు తొమ్మిది మందిని కాల్చింది" అని. అవును అన్నా. అని కార్ ఎక్కాక అనిపించింది, వాడు పిచ్చోడని నాకెవరు చెప్పారు? నేనప్పుడు అమెరికాలో కూడా లేను. 2015లో ఇక్కడున్నవాళ్ళు ఉంటే చెప్పండి, అప్పుడు జనం ఏమనుకున్నారు, ఏది నిజమైంది?

కరోలినా_కాకి

నేనున్నా తమ్ముడూ. అప్పుడు నార్త్ చార్లెస్టన్‌లో కాంట్రాక్ట్ జాబ్, చర్చికి ఒక పావుగంట డ్రైవ్.

ముందు పిచ్చోడు సంగతి. ఈ మాట వాడికే నచ్చలేదు. కోర్టులో లాయర్లు మానసిక సమస్యల గురించి చెప్పి ఉరి తప్పిద్దామని చూస్తే, శిక్ష తేల్చే టైముకి లాయర్లని పక్కనపెట్టి తన కేసు తనే వాదించుకుని, జ్యూరీ ముందు లేచి నా మానసిక స్థితిలో ఏ లోపమూ లేదని చెప్పాడు. కాల్పులప్పటికి 21 ఏళ్ళ తెల్లకుర్రాడు. వెబ్‌సైట్ పెట్టుకుని ఎందుకు చేస్తున్నాడో రాసుకున్నాడు, నల్లవాళ్ళు తెల్లవాళ్ళ మీద చేసే నేరాల గురించి ఇంటర్నెట్‌లో వెతకడంతో మొదలైందని వాడే రాశాడు. తెల్లవాళ్ళ పెత్తనం నాటి దక్షిణాఫ్రికా జెండా, రొడీషియా జెండా కుట్టించుకున్న జాకెట్‌తో ఫోటో ఉంది. ఆ చర్చినే ఎంచుకోడం కూడా తెలిసి చేసిందే. 1822లో బానిసల తిరుగుబాటుకి ప్లాన్ వేశాడని ఉరితీసిన డెన్మార్క్ వీసీ ఆ సంఘం మనిషే, ఆ తర్వాత తెల్లోళ్ళు వాళ్ళ పాత చర్చిని నేలమట్టం చేశారు. అంత చరిత్ర ఉన్న చోటు.

ఇక జనం ఏమనుకున్నారంటావా. జూన్ 17 బుధవారం రాత్రి తొమ్మిది దాటాక జరిగింది. తెల్లారేలోపే సిటీ పోలీస్ చీఫ్ మైకు ముందుకొచ్చి ఇది ద్వేషంతో చేసిన నేరమని నమ్ముతున్నానని చెప్పేశాడు. బతికిన ఆవిడ చెప్పిన మాటలు కూడా మర్నాటికే బైటికొచ్చాయి, మీరు మా దేశాన్ని ఆక్రమించుకుంటున్నారు అని అరుస్తూ కాల్చాడని. అంటే ఈ కేసులో ఊహించాల్సిన పనే లేదు. అయినా గురువారం పొద్దున మా బ్రేక్ రూం టీవీలో ఇది క్రైస్తవ విశ్వాసం మీద దాడేమో అని చర్చ! మా మేనేజర్ కాఫీ కలుపుకుంటూ తలూపుతున్నాడు, పక్కన క్లీనింగ్ చేసే నల్లావిడ ఉంది, ఆవిడ టీవీ వంక ఒకసారి చూసి ట్రాలీ తోసుకుంటూ వెళ్ళిపోయింది. ఏమీ అనలేదు. నాకు ఆ రోజు నుంచి ఇప్పటిదాకా గుర్తున్నది ఆ ట్రాలీ చక్రం కీచుమన్న చప్పుడే.

ఇటువైపు వాళ్ళు కూడా తక్కువేం తినలేదు. పోలీసులు వాడిని పట్టుకుని దారిలో బర్గర్ కింగ్‌కి తీసుకెళ్ళి పార్టీ ఇచ్చారని ఒక మీమ్ తిరిగింది, పదేళ్ళయినా ఇంకా తిరుగుతూనే ఉంది. జరిగింది ఏంటంటే నార్త్ కరోలినా షెల్బీలో దొరికాడు, తినలేదన్నాడు, స్టేషన్‌కే బర్గర్ తెప్పించి పెట్టారు. అదీ కడుపు మండే విషయమే అనుకో, కానీ రెండూ ఒకటి కాదు. నేను కూడా ఆ మీమ్ ఫార్వర్డ్ చేశా, సిగ్గుగానే చెప్తున్నా.

బెజవాడ_బంటి

సింపుల్ బ్రో. ఎవడి కళ్ళద్దాలు వాడివి. చచ్చినోళ్ళ గురించి ఎవడికీ పట్టదు, మన వాదనకి పనికొస్తుందా లేదా అదే. పైగా మన దగ్గర ఏ గుళ్ళోనో మసీదులోనో ఏదైనా జరిగితే ఇంతకన్నా ఘోరంగా ఉంటుంది, అమెరికా వాళ్ళని అనడం దేనికి.

మిల్వాకీ_మీనాక్షి

బంటీ, అందరివీ కళ్ళద్దాలే అని తేలిగ్గా తీసేయకు, కొన్ని ఊహలు మనుషులకి తగుల్తాయి. చర్చి కాదు కానీ మా ఊరి పక్కన ఓక్ క్రీక్ గురుద్వారా సంగతి చెప్తా. 2012 ఆగస్టు 5, ఆదివారం పొద్దున. ఆడవాళ్ళు వంటింట్లో లంగర్, అంటే అందరికీ ఉచితంగా పెట్టే భోజనం, వండుతున్నారు. ఒకడొచ్చి ఆరుగురిని చంపాడు, గాయపడి మంచాన పడ్డ ఇంకొకాయన 2020లో పోయారు. చేసినవాడు సైన్యంలో పని చేసిన తెల్లజాతి అహంకారి, ద్వేషం పాటలు పాడే బ్యాండ్లలో గిటార్ వాయించేవాడు.

టీవీలో రోజంతా ఒకటే ముక్క, పాపం సిక్కుల్ని ముస్లింలు అనుకుని పొరపాటున చంపాడేమో అని. నిజానికి వాడు అక్కడే చచ్చాడు, ఏ చీటీ రాసి పెట్టలేదు, వాడేమనుకున్నాడో ఎవరికీ తెలీదు. అయినా అందరూ ఆ పొరపాటు అనే మాట పట్టుకున్నారు. మా పక్కింటి పంజాబీ ఆంటీ నన్ను అడిగింది, "పొరపాటున అంటే, సరిగ్గా గురి చూసి మసీదుకెళ్ళుంటే పర్లేదనా బేటా?" నా దగ్గర సమాధానం లేదు, ఎందుకంటే ఆ పొద్దున నేనూ అదే అనుకున్నా.

ఇంకోటి, 2017లో కాన్సస్ ఒలాతేలో బార్‌లో మన తెలుగు అబ్బాయిని కాల్చి చంపారు కదా, ఇంకో తెలుగబ్బాయికి, అడ్డుపడిన తెల్లబ్బాయికి గాయాలయ్యాయి. చంపినవాడు ఇరానీలనుకున్నాడు. అప్పుడు మన గ్రూపుల్లో వచ్చిన సలహాలు చూడాలి, బైట తెలుగు మాట్లాడకండి, బొట్టు తీసేయండి, మనం ఇండియన్లమని ముందే చెప్పండి. అంటే ఏంటి, "సార్ మీరు అడ్రస్ తప్పు వచ్చారు" అని చెప్పాలన్నమాట. నేనైతే ఒక నెల నిజంగానే కాస్ట్‌కోలో అమ్మతో ఫోన్ ఎత్తలేదు.

డల్లాస్_దొర

ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ అసలు విషయం ఎవరూ చెప్పట్లేదు. అక్కడ ఒక్కడి దగ్గర గన్ ఉండుంటే కథ వేరేలా ఉండేది. టెక్సాస్ సదర్లాండ్ స్ప్రింగ్స్‌లో 2017 నవంబర్ 5న బాప్టిస్ట్ చర్చిలో 26 మంది పోయారు, కడుపులో బిడ్డతో కలిపి, ఒకే కుటుంబంలో మూడు తరాలు. ఆ దగ్గర్లో ఉండే ఒకాయన చెప్పులు కూడా వేసుకోకుండా తన రైఫిల్ పట్టుకుని పరిగెత్తి వాడిని ఎదుర్కొన్నాడు, లేకపోతే ఇంకెంతమందో. 2019లో మా ఫోర్ట్ వర్త్ పక్కన వైట్ సెటిల్‌మెంట్‌లో ఒకడు చర్చిలో తుపాకీ తీసి ఇద్దరిని కాల్చేలోపు వాలంటీర్ ఒక్క బుల్లెట్‌తో పడేశాడు, మొత్తం ఆరు సెకన్లు. వీడియో ఉంది చూడండి. నేను లైసెన్స్ ఉన్నవాడినే, ప్రతి ఆదివారం నడుముకి ఉంటుంది. ఎవడేమనుకున్నా సరే.

కరోలినా_కాకి

దొర గారూ, మీ రెండు ఉదాహరణలూ నిజమే, కాదనను. కానీ మీరు చెప్పింది కూడా ఆ మర్నాడు రెడీమేడ్‌గా వచ్చిన ఊహల్లో ఒకటే. చార్లెస్టన్‌లో చనిపోయిన పాస్టర్ క్లెమెంటా పింక్నీ స్టేట్ సెనేటర్ కూడా. ఎన్ఆర్ఏ అనే గన్ ఓనర్ల సంఘం బోర్డు మెంబరు ఒకాయన, పింక్నీ శవం లేవకముందే, గన్ వెంట తీసుకెళ్ళడానికి వీలిచ్చే చట్టానికి పింక్నీ వ్యతిరేకంగా ఓటేశాడు కాబట్టి ఆ తొమ్మిది మంది చావుకీ ఆయనే కారణం అన్నట్టు రాశాడు. దాని మీద గొడవైతే ఆ పోస్ట్ పోయింది.

ఇంక సదర్లాండ్ స్ప్రింగ్స్‌కి వస్తే, ఆ మధ్యాహ్నం గూగుల్‌లో వాడి పేరు కొడితే పైనే యాంటీఫా (అతివాద లెఫ్ట్ గుంపు) వాడని ట్వీట్లు, ముస్లింగా మారాడని ఇంకొన్ని. ప్రతి కాల్పుల తర్వాత ట్రోల్స్ ఒకే కమెడియన్ పేరు హంతకుడని పెడతారు, అది వాళ్ళకో ఆట, ఆ రోజు టెక్సాస్ కాంగ్రెస్ సభ్యుడొకాయన ఆ పేరే నిజమనుకుని లైవ్ టీవీలో చెప్పేశాడు. అసలు సంగతి ఏంటి? వాడు ఎయిర్‌ఫోర్స్‌లో ఉండగా పెళ్ళాన్నీ, చిన్న పిల్లాడినీ కొట్టి సైనిక కోర్టులో దోషిగా తేలాడు, వాడి అత్తగారు వెళ్ళే చర్చి అది. ఆ శిక్ష సంగతి ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు, గన్ కొనేవాళ్ళ రికార్డు చెక్ చేసే ఎఫ్‌బీఐకి పంపాలి, పంపలేదు. కాబట్టి షాపుకెళ్ళి దర్జాగా కొనుక్కున్నాడు. చివరికి ప్రభుత్వం 144.5 మిలియన్ డాలర్లకి ఆ కుటుంబాలతో సెటిల్ చేసుకుంది.

చార్లెస్టన్‌లోనూ అంతే. డ్రగ్స్ కేసులో ఒప్పుకున్నాడు కాబట్టి వాడికి గన్ అమ్మకూడదు. చెకింగ్ చేసే ఆవిడకి ఆ కేసు ఏ పోలీసుల దగ్గరుందో దొరకలేదు, కౌంటీ ఒకటి, సిటీ ఒకటి, ఫైల్ ఇంకోచోట. మూడు పనిదినాలు దాటితే జవాబు రాకపోయినా షాపువాడు అమ్మేయొచ్చు, అది చట్టం. అమ్మేశాడు. మన తాలూకాఫీసులో ఫైలు ఈ టేబుల్ నుంచి ఆ టేబుల్‌కి పోనట్టే అనుకోండి. ఈ ఫైల్ కథ మీద మీ గ్రూపులో ఎవరైనా ఒక్క మెసేజ్ పెట్టారా? పెట్టరు, కోపం తెచ్చుకోడానికి మనిషి కావాలి, ఫైలు మీద ఎవరికి కోపమొస్తుంది.

ఆ కుటుంబాలకి కూడా 2021లో ప్రభుత్వం ఇస్తానన్నది 88 మిలియన్లు. ఆ అంకె కావాలనే పెట్టారట. 88 అంటే హిట్లర్ భక్తులకి గుర్తు, వాడు ఆ రాత్రి 88 బుల్లెట్లు లెక్కపెట్టుకుని తీసుకెళ్ళాడు.

డల్లాస్_దొర

ఫైల్ సంగతి ఒప్పుకుంటా. ఎన్ఆర్ఏ వాడి మాట తప్పే. కానీ ఆరు సెకన్లు ఆరు సెకన్లే బ్రదర్.

పాస్టర్_గారమ్మాయి

అందరికీ వందనాలు. చాలా రోజులుగా చదవడమే తప్ప రాయను, ఇది మాత్రం రాయాలనిపించింది. మా నాన్నగారు కృష్ణా జిల్లాలో చిన్న సంఘం కాపరి. 2015 జూన్ చివర్లో ఆదివారం ఆయన ప్రసంగం చార్లెస్టన్ మీదే. తొమ్మిది కుటుంబాలూ రెండే రోజుల్లో ఆ హంతకుడిని క్షమించాయి, మనం పక్కింటోళ్ళ కంచె గొడవ కూడా క్షమించలేకపోతున్నాం అన్నారు. మందిరంలో అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. ఆ తర్వాత కంచె గొడవ పడ్డ ఇద్దరు అన్నదమ్ములు నిజంగానే చేతులు కలిపారు కూడా.

న్యూజెర్సీ వచ్చాక నేను ఆ జూన్ 19 కోర్టు వీడియో చూశాను. వాడు వేరే గదిలో నిలబడి ఉన్నాడు, స్క్రీన్‌లో కనిపిస్తాడు. జడ్జి గారు మొదలుపెట్టడమే ఈ కుర్రాడి కుటుంబం వాళ్ళూ బాధితులే అని మొదలుపెట్టారు, తొమ్మిది శవాల వాళ్ళు ముందు కూర్చునుండగా. మాట్లాడింది కొద్దిమందే. నిన్ను క్షమిస్తున్నాను అని ఏడుస్తూ చెప్పినవాళ్ళు ఉన్నారు, అది అబద్ధం కాదు, ఆ గొంతు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ అందరూ ఆ మాట అనలేదు. కళ్ళముందు కొడుకు చనిపోతుంటే చూసిన తల్లి, మేము నిన్ను చేతులు చాచి పిలిచాం, నా ఒంట్లో ప్రతి నరమూ నొప్పెడుతోంది, దేవుడు నీ మీద కనికరం చూపుగాక అంది. అంతే. క్షమించాననలేదు. తల్లిని పోగొట్టుకున్న ఇంకో ఆవిడ తర్వాత బైటికే చెప్పింది, నాకింకా ఆ మాట రావట్లేదు, నా టైం నాకు కావాలని. ఆవిడ సొంత చెల్లెలేమో కోర్టులో క్షమించానంది, ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు దారులు. దేశమంతా "అబ్బ ఎంత గొప్పవాళ్ళో" అని చప్పట్లు కొడుతుంటే నాకు కోపంగా ఉంది అని చెప్పడానికి ఆమెకెంత ధైర్యం కావాలో.

నాన్నగారికి ఫోన్లో చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆ అన్నదమ్ములకి ఏం చెప్పమంటావమ్మా" అన్నారు.

ఇంకొక్కటి. ఆ రాత్రి వాళ్ళు చదివింది మార్కు 4, విత్తువాని ఉపమానం. మనకి బుధవారం కూడిక ఎలా ఉంటుందో అలాంటిదే, పది పన్నెండు మంది, ఎక్కువ పెద్దవాళ్ళు. వాడికి కుర్చీ వేసి పాస్టర్ గారి పక్కనే కూర్చోబెట్టి, పాఠం కాగితం చేతికిచ్చారు. దాదాపు గంట కూర్చున్నాడు. చివరి ప్రార్థనకి అందరూ కళ్ళు మూసుకున్నాక మొదలుపెట్టాడు. నేను ఇప్పటికీ ఆఖరి ప్రార్థనలో ఒక కన్ను తెరిచే ఉంచుతాను, ఎవరికీ చెప్పలేదు ఇది.

ప్లేనో_పులిహోర

చెల్లెమ్మా నీ ఆ ఒక కన్ను మాట చదివాక నేనూ చెప్పుకోవాలి. దొర గారు మా పక్కూరే, తెలిసే ఉండొచ్చు.

మాది తెలుగు సంఘం, అమెరికన్ చర్చి బిల్డింగ్ మధ్యాహ్నం 2 నుంచి 5 అద్దెకి తీసుకుంటాం. సదర్లాండ్ స్ప్రింగ్స్ తర్వాత మేమూ సెక్యూరిటీ టీం పెట్టాం, ఇద్దరు సాఫ్ట్‌వేర్ వాళ్ళు, ఒక డెంటిస్టు, నేను. వాకీటాకీలు కూడా కొన్నాం, నవ్వకండి. రూల్ ఏంటంటే 2:20కి అన్ని తలుపులూ లాక్. మనవాళ్ళ సంగతి తెలుసుగా, 2:40కి సగం సంఘం బైట నిలబడి అద్దం మీద కొడుతుండేది, చంకలో పిల్లలు, చేతిలో బిర్యానీ గిన్నెలు.

ఒక ఆదివారం పాటలు నడుస్తుండగా ఒక తెల్లకుర్రాడు వెనకవరసలో కనిపించాడు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి ఎవరో తలుపు తీస్తే వాళ్ళతో పాటు వచ్చినట్టున్నాడు. హుడీ, కాళ్ళ దగ్గర బ్యాక్‌ప్యాక్. టీం గ్రూపులో మెసేజ్, "వెనక వరస, బ్యాగ్". నా గుండె ఎలా కొట్టుకుందో. వెళ్ళి పక్కన కూర్చున్నా, నవ్వాడు, నవ్వలేదు నేను. మెల్లగా కాలితో ఆ బ్యాగ్‌ని నావైపు లాక్కున్నా. వాడు చూశాడు. మొహం ఎర్రబడిపోయింది. చెవి దగ్గరకొచ్చి చెప్పాడు, 3 గంటలకి పక్క రూంలో మీటింగ్ ఉంది, సైడ్ డోర్ లాక్ చేసి ఉంది, అందుకే ఇటు నుంచి వచ్చా అని. తాగుడు మానేసినవాళ్ళ మీటింగ్ అది, ప్రతి ఆదివారం జరుగుద్ది, మాకంటే ముందు నుంచీ ఉన్నారు వాళ్ళు. సైడ్ డోర్ లాక్ చేసింది మేమే. నేను ఏదో చెప్పబోయేలోపు సారీ అని లేచి వెళ్ళిపోయాడు, మీటింగ్ వైపు కాదు, బైటికి.

వాళ్ళు అక్కడ కుర్చీ వేశారు, నేను ఇక్కడ బ్యాగ్ లాగాను. వాళ్ళు చేసింది తప్పని చెప్పే ధైర్యం నాకు లేదు, నేను చేసింది తప్పని పూర్తిగా ఒప్పుకునే ధైర్యం కూడా లేదు, మా ఇద్దరు పిల్లలూ ముందు వరసలో కూర్చుని పాడుతున్నారు ఆ రోజు.

గుంటూరు_గోంగూర

అందరికీ థాంక్స్, నేనింత ఊహించలేదు. కాకి అన్నా, ఆ జెండా సంగతి నేనే యాడ్ చేస్తా, మా కొలంబియాలో స్టేట్‌హౌస్ ముందు ఉండే ఆ పాత కాన్ఫెడరేట్ జెండాని (బానిసత్వం కోసం పోరాడిన దక్షిణ రాష్ట్రాలది) 2015 జూలై 10న దించారు కదా, అప్పటి గవర్నర్ నిక్కీ హేలీ సంతకంతో, మా పెదనాన్నకి అది మాత్రం గుర్తుంది, మన పంజాబీ అమ్మాయి అని. తొమ్మిది మంది పేర్లలో ఒక్కటి కూడా తెలీదు. నాకూ పాస్టర్ గారి పేరు ఈ థ్రెడ్‌లోనే తెలిసింది.

కాకి అన్న రాసిన ఫైల్ కథ రాత్రి మా గ్రూపులో పెట్టా. పెదనాన్న బొటనవేలు పెట్టారు. బావ "చాలా పెద్దగా ఉంది, తర్వాత చదువుతా" అన్నాడు. నాన్న విడిగా ఫోన్ చేసి "మరి పిచ్చోడు కాకపోతే ఇంకా భయం కదరా" అన్నారు.

పులిహోర అన్నా, ఒకటి అడగొచ్చా, ఆ సైడ్ డోర్ ఇప్పుడు తీసి ఉంచుతున్నారా?

ప్లేనో_పులిహోర

2:50కి నేనే వెళ్ళి తీసి, వాళ్ళంతా లోపలికి వెళ్ళేదాకా అక్కడే నిలబడతా. టీంలో ఇద్దరికి ఇష్టం లేదు. ఆ కుర్రాడు మాత్రం మళ్ళీ కనిపించలేదు.